ఖాళీ బరువు

పోర్టు రెండో గేటు దగ్గర
లారీల్ని తూచే కాటా మీద నా ఉద్యోగం.
ఖాళీగా లోపలికి, నిండుగా బయటికి.
ఆ రెండంకెల మధ్య తేడానే లోకమని
పదకొండేళ్లుగా చీటీలు చింపి ఇస్తున్నాను.

ఒక ఆదివారం రాత్రి, లారీలు లేని వేళ
మా జీడిని తెచ్చి కాటా నడిమధ్య కూర్చోబెట్టాను.
వేయించిన జీడిపప్పు రంగు, ఒక చెవి మడత.
కురుపాం మార్కెట్ వెనక, వానలో దొరికింది.
ఇరవై కిలోల చొప్పున లెక్కేసే యంత్రం
చిల్లర పట్టించుకోదు.
తొమ్మిది కిలోల జీడికి తెర మీద
ఎర్రగా సున్నా.
అది తోక ఊపింది.
ఆ ఊపుకీ సున్నాయే.

నవ్వుకుంటూ ఇంటికి తెచ్చాను గానీ
ఆ సున్నా నిద్రలోకి వచ్చింది.

దాని తిండి బస్తా వెనక చీమల బారు అక్షరాలు:
కోడి పొడి, చేప పొడి, మొక్కజొన్న.
ఏ చేప, ఎవరి చేను, రాయలేదు.
ఫిషింగ్ హార్బర్‌లో నూకరత్నాన్ని అడిగితే
కవ్వళ్ల గంప మీద ఈగల్ని తోలుతూ
"పిండిమిల్లుకి పోయీవి పిల్లసేపలే తల్లీ,
ఈత కూడా సరిగ్గా రాని గుంటలు.
మా సిన్నప్పుడు పెద్దయ్యీవరకూ ఆగీవోళ్లం.
ఇప్పుడు వల కన్ను సూది బెజ్జమైపోనాది.
నీ కుక్కొక్కటే తింతందనుకుంతన్నావా?
ఆ పొడి కోళ్లకీ ఏస్తారు,
ఆ కోళ్లని నువ్వు తింతావు" అంది.
అని, రెండు కవ్వళ్లు కాగితంలో చుట్టి
"దానికెయ్యి, డబ్బులొద్దు" అంది.

రోజుకి రెండు నల్ల సంచులు.
వంగి, ఎత్తి, ముడి వేసి
వీధిలో నా అంత శుభ్రమైన మనిషి లేదనుకునేదాన్ని.
ఏడేళ్లని చీటీ వెనక గుణించాను.
ఐదు వేలు దాటాయి.
కాపులుప్పాడ చెత్తగుట్టలో ఎక్కడో
ఐదు వేల ముడులు, నా వేళ్లు వేసినవే.
మట్టి కావలసింది
మట్టిని చేరే దారి లేక లోపలే ఉంది.

మాఘమాసం. నాలుగింటికి
స్కూటీ ముందు నించోబెట్టుకుని జోడుగుళ్లపాలెం తీసుకెళ్లాను.
దాని పరుగుకి నా పెట్రోలు, అదీ రాసుకోవాలి.
ఇసుకలో గొలుసు విప్పాను.
మెడ తేలికవగానే అది కుక్క కాదు, గాలి.
ఆ ఒక్క క్షణం చూడ్డానికే నేను నిద్ర లేచేది.

చీకట్లో తవ్వుతున్న చప్పుడు.
వెళ్లేసరికి మూతి నిండా ఇసుక,
కాళ్ల మధ్య తడి సున్నపు ఉండల్లా
తాబేలు గుడ్లు.
పగిలినవి పదకొండు.
పగలనివాటిని పోలరాజు అప్పటికే చేతులతో కప్పుతున్నాడు.
రాత్రంతా గుడ్లు ఏరి కంచె లోపల దాచే కుర్రాడు,
కళ్లు ఎర్రగా ఉన్నాయి.
తిడతాడనుకున్నాను.
"దీన్నేటంటామండీ, దాని ముక్కు దాంది.
గొలుసు మీది గదా" అన్నాడు.

జీడి నా వైపు చూసింది,
ఏదో గొప్ప వస్తువు దొరికించినదాన్లా.

ఇప్పుడు శీతాకాలం మొదలు ఎండలు ముదిరేదాకా
సముద్రం వైపు గొలుసు విప్పను.
బస్తా మానేసి అన్నం, గుమ్మడికాయ, కోడి మెడలు ఉడకబెట్టాను.
మూడు రోజులు గోడకి తిరిగి కూర్చుంది.
నాలుగో రోజు తింది.
నైట్ డ్యూటీ వారాల్లో మళ్లీ బస్తానే, అబద్ధమెందుకు.
డాబా మీద పాత డ్రమ్ములో రంపపు పొట్టు కలిపి
దాని పెంట మాగబెడుతున్నాను.
పై వాటా మంగవేణి గారు కిటికీ మూసుకుంటారు.
ముద్దమందారం మాత్రం ఏమీ అనలేదు.

పోర్టు బొగ్గు పొడి మా వన్‌టౌన్ గచ్చు మీద
రోజూ పల్చగా రాలుతుంది.
పొద్దున్నే చూస్తే దాని అడుగులు,
నాలుగేసి చిన్న వేళ్లు.
పక్కనే ఇంకొన్ని, పెద్దవి, లోతైనవి.
రెండూ కలిపే తుడుస్తాను.

రాత్రి నా పాదాల మీద తల పెట్టి, ఆనక
ఒళ్లంతా పెట్టి పడుకుంటుంది.
కదిలితే లేస్తుందని కదలను.
తెల్లారేసరికి తిమ్మిరెక్కిన కాలికి తెలుస్తుంది,
కాటా చూపించని
తొమ్మిది కిలోలంటే ఎంతో.